రెండు వేళ్ల సందు

మా మేనత్త పోయిందన్న మాట మామ ఫోన్లో చెప్పాడు. అప్పుడే దుకాణం తెరిచి, ఒక ఆటో సీటుకు రెగ్జిన్ కొలుస్తున్నాను. "పాపా, మీ అత్త పోయింది. కాఫీ తీస్కోని పోతే పలకల్యా. నిద్దర్లోనే పోయినట్టుండాది," అన్నాడు. నేను అడగకుండానే, "కిటికీ తెర్సే ఉండాదిలే," అన్నాడు.

ఆ చివరి మాట ఇంకెవరైనా వింటే దుఃఖంలో ముసలాయన ఏదో పలవరించాడనుకుంటారు. నాకు మాత్రం అందులో ఆమె బతుకు సగం వినిపించింది. అదెలాగో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఫోన్ పెట్టేసి, మొదలుపెట్టిన కొలత పూర్తి చేశాను. ఏడుపు రాలేదు. మా ఇంటి ఆడవాళ్లకు ఏడుపు ఆలస్యంగా వస్తుంది. దాన్ని చూసి జనం మమ్మల్ని రాతి గుండెల వాళ్లంటారు, కడప బండలు దొరికే చోట పుట్టాం కాబట్టి మేమూ పెద్దగా కాదనం.

అత్త మా నాన్నకు అక్క. వేంపల్లెకు దగ్గర్లోని పల్లెలో, చర్చి వీధిలో వాళ్ల ఇల్లు. కొద్దిపాటి చీనీ, అంటే బత్తాయి తోట, మామ సొంతంగా నడుపుకునే ఒక లారీ, ఇవే వాళ్ల ఆస్తి. పిల్లలు లేరు. ఎండాకాలం సెలవులన్నీ నేను అక్కడే గడిపాను. నేనిప్పుడు కడపలో, రాయచోటి రోడ్డు మీద, బండ్లకు సీటు కవర్లు కుట్టే దుకాణం నడుపుతున్నాను. ఈ కుట్టుపని వేళ్లు మొదట అత్త చేతి కింద గుడ్డ పట్టుకున్నవే.

చిన్నప్పటి ఆ సెలవుల గురించి తలుచుకుంటే మొదట గుర్తొచ్చేది ఉక్క. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మా వైపు రోళ్లే కాదు, మనుషులూ పగిలేంత ఎండ. అందరూ తలుపులు బార్లా తీసి, మంచాలు వాకిట్లోకి ఈడ్చుకుని పడుకునేవాళ్లు. అత్త మాత్రం ఇంటి కిటికీలన్నీ గట్టిగా మూసి, గడియ పెట్టి, సందుల్లో పాత చీర పేలికలు కుక్కేది. ఇంటికి ప్రార్థనకు వచ్చిన పాస్టరుగారు చెమటతో తడిసి ముద్దై, ఇశ్రాయేలీయులను ఎర్ర సముద్రం దాటించకుండానే ఆమెన్ చెప్పేసేవారు. ప్రార్థన తొందరగా ముగియాలంటే మీ అత్త ఇంట్లో పెట్టించాలని ఊళ్లో పడుచువాళ్లు నన్ను ఆటపట్టించేవాళ్లు.

"గాలి సొరబడితే ఊరుకోదు పాపా," అనేది అత్త. ఇంకేమీ చెప్పేది కాదు.

సంగతేమిటో నాకు పెద్దయ్యాక, ముక్కలు ముక్కలుగా తెలిసింది. అత్త తొలి కాన్పు పుట్టింట్లో, అంటే మా నాన్నమ్మ, జేజి ఇంట్లో జరిగింది. ఆడపిల్ల. డిసెంబరు చలి. మా వైపు బాలింతను చలిగాలి సోకకుండా కాపాడటమంటే పెద్ద వ్రతం. చెవుల్లో దూది, తలకు గుడ్డ, మంచం కింద నిప్పుల కుంపటి. గది తలుపు మూస్తారు, ఉన్న ఒక్క కిటికీ మూస్తారు, మట్టి మిద్దెకు వెలుతురు కోసం పైన వదిలిన గవాక్షిని కూడా బండతో కప్పేస్తారు. జేజి ఇవన్నీ లోటు లేకుండా చేసింది. తెల్లవారుజామున అత్త తలనొప్పి తట్టుకోలేక, ఒళ్లు తూలుతుండగా మంచం దిగి, కిటికీ రెక్క కొంచెం తెరిచింది. పొద్దున చూస్తే పక్కలో బిడ్డ లేదు. అంటే ఉంది, ప్రాణం లేదు.

గాలి సోకి బిడ్డ పోయిందన్నారు. కిటికీ తెరిచింది ఎవరు? తల్లే. ఆ తర్వాత మళ్లీ పిల్లలు కలగలేదు. దానికీ ఆ గాలే కారణమన్నారు. తిట్టినవాళ్లు ఎవరూ లేరు. జాలిపడ్డారు. "పాపం, తెలవక తెర్సింది," అని ప్రతి పెళ్లిలో, ప్రతి నామకరణంలో ఎవరో ఒకరు పక్కవాళ్ల చెవిలో చెప్పేవాళ్లు. తిడితే ఎదురు తిట్టవచ్చు. జాలికి ఏం జవాబు చెప్పాలి? అత్త కిటికీలు మూసుకుంటూ బతికింది.

మామ చీనీకాయలు వేసుకుని ఢిల్లీ దాకా లారీ నడిపిన మనిషి. పెళ్లైన కొత్తలోనే, నీకు మంచు చూపిస్తానని అత్తకు మాటిచ్చాడట. ఇంట్లో భార్యను, ముందు అద్దంలో లోకాన్ని పెట్టుకుని తిరిగే లారీ డ్రైవర్ల మాటలకు విలువెంతో అందరికీ తెలుసు. కానీ మామ మరిచిపోలేదు. లారీ ముసలిదై, సరుకుతో దూరాలు పోలేని స్థితికి వచ్చాక దాన్ని తుక్కుకు అమ్మకుండా, వెనక తొట్టి మీద చెక్కలతో ఒక గది కట్టించాడు. పైన రేకు. రైలు పెట్టెలో మాదిరి కింద ఒక బల్ల, పైన ఒక బల్ల. స్టౌ పెట్టుకోవడానికి గట్టు. మూలపడిన బస్సు నుంచి ఊడదీసిన జారుడు అద్దాల కిటికీ. ఆ గదికి లోపలి నుంచి స్పాంజి, రెగ్జిన్ వేసే పని నాకొచ్చింది.

"ఏమ్మే, ఆడ సందు ఉండాది సూడు," అనేది అత్త, నేను మేకులు కొడుతుంటే వెనక నిలబడి.

"ఎక్కడత్తా?"

"ఆ చెక్కల నడాన. యేలు పెడితే గాలి తగుల్తాంది."

పాత లారీ నేల చెక్కలు ఎక్కడికక్కడ విడిపోయి ఉన్నాయి. అన్నిట్లోనూ అత్త తన పాత చీరలు చింపి కుక్కింది. కిటికీ చుట్టూ కుక్కింది. తలుపు అంచులకు నా చేత మడత రెగ్జిన్ కుట్టించింది. పని పూర్తయ్యాక లోపల నిలబడి తలుపు వేస్తే బయట కోడి కూత కూడా వినపడలేదు. నేను మంచి పనిమంతురాలినని నాకే గర్వంగా అనిపించింది.

అప్పుడు చలి సంగతి వచ్చింది. మంచు కురిసే చోట రేకుల గదిలో ఎలా పడుకోవాలి?

"కుంపటి ఉండంగా ఏం భయం? మంచం కింద నిప్పులు పెట్టుకుంటే సాలదా," అంది అత్త.

నిజం చెప్తున్నాను, ఆ మాట నాకేమీ తప్పుగా అనిపించలేదు. మీరు నవ్వుకోవచ్చు. ఎండకు ఏం చెయ్యాలో మా వైపు పసిపిల్లవాడికీ తెలుసు. చలి మాకు చుట్టపుచూపుగా వచ్చిపోతుంది. దానికి మేం చేసే మర్యాద ఒకటే, తలుపు మూసి నిప్పు పెట్టడం. బొగ్గు బాగా రాజుకుంటే పొగ రాదు, పొగ రాకపోతే భయం లేదు, ఇదే మా చదువు.

మామకు మాత్రం ఉత్తరాదిన ఎవరో డ్రైవర్లు హీటర్లు పెట్టుకోగా చూసిన గుర్తు. "కుంపటి యెందుకుమే, బండి కుదుపుకు నిప్పులు పడితే అంతా కాలిపోతాది. గ్యాసుది పెట్టిద్దాం, సిన్నది," అన్నాడు. ఢిల్లీ దారి పట్టే లారీలకు, మంత్రాలయం పోయే యాత్రికుల బస్సులకు ఏసీలు, హీటర్లు బిగించే మెకానిక్ ఒకాయన కర్నూలులో ఉన్నాడని తెలిసి, ముగ్గురం లారీలోనే బయల్దేరి పోయాం.

మెకానిక్ భాయ్ నోరున్న మనిషి. మా లారీని చూసి ముందు నవ్వాడు. తర్వాత లోపలికెక్కి, ఒక ఊదుబత్తి వెలిగించి, మమ్మల్ని తలుపు వెయ్యమన్నాడు. నలుగురం ఆ పొగ వంక చూస్తూ కూర్చున్నాం. పొగ నిట్టనిలువుగా లేచి, కప్పు కింద చేరి, అక్కడే చాప పరిచినట్టు నిలబడింది.

"ఎవురు చేసినారు ఈ పని?" అన్నాడు.

"నేనే," అన్నాను, మెచ్చుకుంటాడనుకుని.

"బిల్కుల్ డబ్బా చేసినావు కదమ్మా! మనుషుల్ని ఊరగాయ పెడ్తారా ఏంది ఇందులో?"

మామ గ్యాసు హీటరు మాట ఎత్తాడు. భాయ్ చెయ్యి అడ్డంగా ఊపాడు. "అన్నా, నేను వ్యాపారం చేసేటోన్ని. నువ్వడిగింది అమ్మితే నాకేం నష్టం? అయినా ఈ డబ్బాలో గ్యాసు పెట్టను. గ్యాసు గానీ, బొగ్గు గానీ, మంట మండాలంటే గాలి తింటాది. మీరు పీల్చే గాలే తింటాది. తిని, ఇసం కక్కుతాది."

"పొగ రాకుండా రాజేసుకుంటే?" అంది అత్త.

"పొగ కానొస్తే మనిషి లేసి పరిగెత్తుతాడమ్మా. ఇది కానరాదు. వాసన రాదు. తల నొప్పి పుడ్తాది. ఒళ్లు తూల్తాది. నిద్దర ముంచుకొస్తాది. ఆ నిద్దర్లోనే ఖతం. మా చిన్నాయన కొడుకు సలికి కేబిన్లో బొగ్గులు పెట్టుకోని, అద్దాలెత్తి పండుకున్నాడు. పొద్దున సూస్తే నవ్వుతా పండుకున్నట్టు ఉండాడంట."

నేను అత్త వైపు చూడలేదు. చూడాలనిపించలేదు. పై బల్ల అంచుకు నేను కొట్టిన మేకుల వరుస చూస్తూ కూర్చున్నాను.

"ఏమప్పా," అంది అత్త. గొంతు మామూలుగానే ఉంది. "పసిబిడ్డ ఐతే?"

భాయ్‌కు మా సంగతి ఏమీ తెలియదు. ఎవరింట్లోనో మనవళ్లు ఉన్నారేమో, వాళ్లను కూడా తీసుకుపోతారేమో అనుకుని ఉంటాడు. "పసిబిడ్డ ఐతే పెద్దోళ్ల కంటే ముందే పోతాదమ్మా. సిన్న ప్రాణం, బిరబిరా ఊపిరి పీలుస్తాది."

"తలనొప్పి తట్టుకోల్యాక, లేసి కిటికీ తెరిస్తే?"

"తెరిచినోళ్లు బతుకుతారు. కిటికీయే కదా కాపాడేది." భాయ్ ఊదుబత్తి ఆర్పేసి, తలుపు తోశాడు. "తెరవకముందే పోయినోళ్లను ఎవురేం చేస్తారు?"

ఆ తర్వాత ఆయన చెప్పిందంతా పని మాట. డీజిలుతో నడిచే హీటరు ఒకటుంది. మంట దాని పొట్టలోనే మండుతుంది. దానికి కావలసిన గాలిని ఒక గొట్టం బయటి నుంచి తెస్తుంది, కాలిన పొగను ఇంకో గొట్టం బయటికి తీసుకుపోతుంది. గదిలోకి వచ్చేది వేడి గాలి మాత్రమే. మీది పాత లారీ, నేలంతా సందులు, కాబట్టి పొగ గొట్టాన్ని చెక్కల కింద వదలకూడదు, కిటికీకి దూరంగా, బాడీ అవతలి అంచు దాకా లాగాలి. ఏటా గొట్టం అతుకులు చూసుకోవాలి. ఇంత చేసినా కిటికీ రెండు వేళ్లు తెరిచే పడుకోవాలి. ఇసపు గాలి చేరితే అరిచే చిన్న డబ్బా ఒకటి తలాపున పెట్టుకోవాలి. మామ అన్నిటికీ తల ఊపాడు. హీటరు తెప్పించడానికి కొన్నాళ్లు పడుతుందని, వచ్చాక ఫోన్ చేస్తానని భాయ్ అన్నాడు.

అత్త అప్పటికే దిగిపోయింది. షెడ్డు మూలనున్న కొళాయి దగ్గర మొహం కడుక్కుని, ఒక పాత టైరు మీద కూర్చుంది. నేను పోయి పక్కన నిలబడ్డాను. భాయ్ భార్య టీ తెచ్చిచ్చింది. అత్త తాగి, గ్లాసు కడిగి మరీ ఇచ్చింది.

తిరుగు ప్రయాణంలో ముగ్గురం ముందు కేబిన్లో కూర్చున్నాం. ఓర్వకల్లు బండల దాకా వచ్చాం. అక్కడ అత్త ఎదురుగా రోడ్డు చూస్తూ అంది, "ఏమయ్యా. నేను కిటికీ తెరిసేటప్పటికే బిడ్డ సల్లబడిండె."

మామ బండిని రోడ్డు పక్కకు తీసి ఆపాడు.

"నేను తాకి సూస్తి. తాకినాకనే లేస్తి. ఈ మాట మా యమ్మకు చెప్తి. మీ యమ్మకూ చెప్తి. నీకు తల తిరుగుతాండె, నీకేం తెల్సు, గాలికే సల్లబడిందనిరి. అంతమంది అంటే నేనే పొరపడినానేమో అనుకుంటి."

"ఇంజన్ వేడెక్కింది," అన్నాడు మామ. వేడెక్కలేదు. దిగి, లారీ చుట్టూ తిరుగుతూ ఒక్కో టైరునూ కాలితో తన్ని చూశాడు. చాలాసేపటికి వచ్చి స్టీరింగ్ పట్టుకున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఆ పొద్దు నేను నాగపూర్లో ఉంటిని," అన్నాడు. "వచ్చినాక నిన్ను ఒక్క మాట అడిగుండాల. అడగకపోతి."

"అడిగింటే మాత్రం ఏం చెప్పుందును? గాలే అని చెప్పుందును," అంది అత్త. "బండి తీయి, పొద్దు పోతాంది."

ఊరు చేరగానే ఆమె నా పెట్టెలోంచి కత్తెర తీసుకుని లారీ వెనకకెక్కింది. కిటికీ చుట్టూ తాను కుక్కిన పేలికల్ని ఒక్కొక్కటే లాగి కింద పడేసింది. నేను సాయానికి పోతే, "నేను పెట్టిన గుడ్డ, నేనే తీస్తా," అంది. తర్వాత ఇంట్లోకి పోయింది. వాకిలి పక్క కిటికీ గడియ తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంది. చేత్తో రాకపోతే రోకలితో కొట్టింది. తెరుచుకున్న రెక్క ముందు, కొంగు నడుముకు దోపుకుని, అలాగే నిలబడింది. నాకెందుకో ఆమె ఎవరితోనో పోట్లాడి ఇప్పుడే రాజీ పడినట్టు అనిపించింది.

"గాలికి తప్పు లేదు పాపా," అంది. "దాన్ని శానా తిట్టినా."

నిజంగా ఆ బిడ్డ కుంపటి వల్లే పోయిందా అంటే నాకు తెలియదు. ఆ రోజుల్లో పసిబిడ్డలు ఎన్నో కారణాలకు పోయేవాళ్లు, చాలామందికి ఏ కారణమూ ఎవరూ రాసిపెట్టలేదు. ఈ మాట ఒకసారి అత్తతోనే అన్నాను. ఆమె చీనీకాయ వలుస్తూ, "అయిండొచ్చు, కాకపోవచ్చు. ఎవురు సూసినారు? ఇన్నేండ్లు ఒకటే మాట ఉండె నాకు. ఇప్పుడు ఇంగో మాటా ఉండాది. సాలు," అంది. తొక్క పక్కన పెట్టి, "మీ జేజినేమీ అనొద్దు. మా యమ్మకు తెల్సింటే పెడ్తాదా?" అంది. జేజి పోయి అప్పటికి చాలా కాలం. అయినా నా మనసులో ఏం మెదులుతోందో ఆమె కనిపెట్టింది. నేను ఎవరినీ ఏమీ అనలేదు.

ఆ ఏడు చలికాలంలో వాళ్లిద్దరూ ఉత్తరాది కొండల దాకా పోయి మంచు చూసి వచ్చారు. నేను పోలేదు. ఇద్దరూ చెప్పింది కలిపి చూస్తే రెండు వేరే వేరే యాత్రలు అనిపిస్తుంది. "ఏముందిమే ఆడ, ఉప్పు బస్తాలు పగిలి పారబోసినట్టు ఉండాది," అని అత్త. "అదేం మాట! పిలిస్తే పలకల్యా. మోకాళ్ల లోతు మంచులో నిలబడి సూస్తానే ఉండె," అని మామ. హీటరు మాత్రం బాగా పనిచేసిందని ఇద్దరూ ఒప్పుకున్నారు. రోజూ సాయంత్రం ప్రార్థన చేసుకుని, ఆమెన్ అనగానే అత్త ఆ చిన్న డబ్బా మీట నొక్కి, అది కీచుమని అరిచేదాకా చూసేదట. బైబిలు పక్కనే దాని చోటు. తర్వాత కిటికీ అద్దం జరిపి, చూపుడు వేలు, నడిమి వేలు కలిపి సందులో పెట్టి కొలిచేది. "ఒక పక్క డీజిలు కాల్చి వేడి చేస్తాంది, ఇంగో పక్క కిటికీ తెర్సి సల్లబరుస్తాంది. ఇదెక్కడి లెక్కో," అని మామ విసుక్కునేవాడు. అయినా ఆమె కంటే ముందు లేచి ఆ సందు చూసేది ఆయనే.

తిరిగి వచ్చాక అత్తకు ఒక కొత్త పని పట్టుకుంది. ఊళ్లో ఎవరికి కాన్పైనా, పిలిచినా పిలవకపోయినా పోయేది. బాలింత గదిలోకి దూరి, మంచం కింద చూసేది. కుంపటి ఉంటే కొంగుతో పట్టుకుని వాకిట్లోకి తెచ్చి నీళ్లు పోసేది. కిటికీ రెండు వేళ్లు తెరిచేది. "ఇంగో దుప్పటి కప్పండి. వేన్నీళ్ల సీసా పెట్టండి. నిప్పులు మాత్రం గదిలో పెట్టొద్దు, కిటికీ అంతా ముయ్యొద్దు," అని చెప్పేది. నెమ్మదిగా చెప్పే గుణం ఆమెకు లేదు. కొందరు విన్నారు. ఆశా కార్యకర్త కూడా అదే చెప్పడంతో ఇంకొందరు విన్నారు. చాలామంది, ఆమె బయటికి పోగానే, మళ్లీ మూసుకున్నారు.

అత్త వాళ్ల వీధి చివరింటి ముసలమ్మ మాత్రం ముఖం మీదే అనేసింది. అత్తకంటే నాలుగేళ్లు పెద్ద, ఇద్దరికీ చిన్ననాటి నుంచీ పడదు. పోయిన నెల ఆమె మనవరాలు కాన్పుకు వచ్చి కొడుకును కంది. అత్త యథాప్రకారం పోయింది. నేను ఆ రోజు ఊళ్లోనే ఉన్నాను, గొడవ అత్త వాళ్ల వాకిలి దాకా వినిపించింది.

"నీ బిడ్డను గాలికి పెట్టుకుంటివి. మా బిడ్డనూ పెట్టల్లనా? బాలింతకు ఏమన్నా ఐతే ఎవురిదమ్మా పూచీ?"

ఇన్నేళ్లుగా చెవుల్లో గొణిగిన మాటను వీధిలో నిలబడి గట్టిగా అన్న మొదటి మనిషి ఆమె. అత్త తిరిగి అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

"నాదే పూచీ," అంది. "నేను బతికున్నంతకాలం నన్నడుగు. సచ్చినాక నా సమాధి కాడికొచ్చి అడుగు. కుంపటి మాత్రం తీసేయి, అక్కా."

వాళ్లు తీశారో లేదో తెలియలేదు. అత్తను మళ్లీ గడప తొక్కనివ్వలేదు. ఇంటికి వచ్చి ఆమె అన్నం తినలేదు. మామ బతిమాలితే, "ఆ సంటిది ఎట్లుండాదో," అని మాత్రం అంది. ఆ తర్వాత రోజూ, చర్చికి పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి, ఆ ఇంటి ముందు నడక తగ్గించి చెవి ఒగ్గేది. బిడ్డ ఏడుపు వినిపిస్తే సరే, లేకపోతే చెప్పు తెగినట్టు వంగి, వినిపించేదాకా అక్కడే ఏదో సర్దుకుంటూ ఉండేది. పోయే ముందు రోజు సాయంత్రం కూడా అలాగే చేసిందని మామ చెప్పాడు.

నేను కడప నుంచి చేరేసరికి అత్తను పెట్టెలో ఉంచి, తెల్లచీర కప్పారు. సమాధుల తోట ఊరి అవతల ఉంది. బండి పిలుస్తామని కుర్రవాళ్లంటే మామ ఒప్పుకోలేదు. "నా బండి ఉండాదిగా," అన్నాడు. పెట్టెను లారీ గదిలోకి ఎక్కించి, కింది బల్ల మీద పెట్టారు. పక్కన నేను కూర్చున్నాను. బస్సు కిటికీ అద్దం ఆమె వదిలినట్టే ఉంది. ఎవరో దాన్ని పూర్తిగా తెరవబోతే వద్దన్నాను. మామ ఇంజన్ స్టార్ట్ చేశాడు. బయట పాట పాడుతూ జనం నడుస్తున్నారు.

మా వైపు శవం వీధిలో పోతుంటే తలుపులు మూస్తారు. పసిబిడ్డ ఉన్న ఇల్లైతే ఇక చెప్పనక్కర్లేదు. ఆ గాలి లోపలికి రాకూడదని కిటికీ రెక్కలు బిగించి, లోపలి నుంచి చెయ్యి ఆనించి పట్టుకుంటారు. క్రైస్తవులం, ఇవేవీ నమ్మం అని చెప్పుకుంటూనే మేమూ మూస్తాం. లారీ కదిలిన కొద్దీ ఒక్కో ఇంటి తలుపూ దగ్గరపడటం అద్దాల సందులోంచి నాకు కనిపిస్తూనే ఉంది. అత్త ఉంటే ఒక్కొక్కరినీ పేరు పెట్టి తిట్టేది అనుకున్నాను.

వీధి చివర మామ బండి నెమ్మది చేశాడు. గేరు మార్చిన చప్పుడు వినిపించింది. రోజూ అత్త నడక తగ్గించే చోటు అదే.

ఆ ఇంటి తలుపు మూసి ఉంది. దాని పక్క కిటికీకి లోపలి నుంచి ముసలమ్మ అడ్డంగా నిలబడి ఉంది. చెయ్యి రెక్క మీద ఉంది. పెట్టె ఎదురుగా వచ్చేసరికి ఆ చెయ్యి బిగుసుకోవడం చూశాను. మూసేస్తుందనుకున్నాను. ఆమె మా లారీ కిటికీ వంక, సందులోంచి నా వంక చూసింది. తర్వాత ఇంకో చేతి రెండు వేళ్లు రెక్కకూ చట్రానికీ మధ్య పెట్టి, అలాగే పట్టుకుంది.

మా ఇంటి ఆడవాళ్లకు ఏడుపు ఆలస్యంగా వస్తుందని చెప్పాను కదా. నాకు అప్పుడు వచ్చింది. పెట్టె మీద చెయ్యి వేసి, అడ్డూ ఆపూ లేకుండా ఏడ్చాను. లారీ ఆ ఇల్లు దాటేదాకా ఆమె వేళ్లు తియ్యలేదు. ఆ సందులోంచి, వెనకాల చీకటి గదిలో, పసివాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు.